అక్కావాళ్ల షార్కులకు చోటు వెతికిన అనుభవం

అక్వేరియం షాపుల్లో షార్క్ అని అమ్మే చేపపిల్లను మీరు చూసే ఉంటారు. వేలెడంత ఉంటుంది, వెండి రంగు, ఒక్కచోట నిలవదు. పిల్లలకు ఇట్టే నచ్చుతుంది. అది సముద్రపు షార్క్ కాదు. మన చేపల మార్కెట్లో ఫంగస్ అని అమ్ముతారే, ఆంధ్రాలో చెరువులకు చెరువులు తవ్వి పెంచుతారే, ఆ చేప పిల్లే ఇది. దాని సొంత చోటు మెకాంగ్ నది, థాయ్‌లాండ్‌లోని చావో ఫ్రాయా నది. అక్కడ నాలుగడుగుల దాకా పెరుగుతుంది, నలభై కిలోలు తూగుతుంది. గుడ్లు పెట్టే కాలంలో నదిలో వందల కిలోమీటర్లు పోతుంది. ఆ నదుల్లో ఇప్పుడది అంతరించే ప్రమాదం ఉన్న చేపల జాబితాలో ఉంది. ఇక్కడేమో ప్లాస్టిక్ కవర్లో పోసి చేతికిస్తారు.

మిర్యాలగూడలో అక్కావాళ్ల హాల్లో ఇవి రెండు ఉండేవి. బావకు హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది. అక్కడ దొరికిన అద్దె ఇంటి ఓనర్ చేపల ట్యాంక్ వద్దన్నాడు. దాంతో ట్యాంకూ చేపలూ నల్గొండలో మా ఇంటికి వచ్చాయి. "కొన్నాళ్లు చూడమ్మా, తర్వాత ఏదో ఒకటి చేద్దాం" అన్నాడు బావ.

వచ్చిన మర్నాడే టేపు పెట్టి కొలిచాను. ట్యాంక్ పొడవు 36 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. అంచు దాకా పోసినా 106 లీటర్లు, అంటే ఐదు వాటర్ క్యాన్ల నీళ్లు. అద్దం బయటి నుంచే చేపలను కూడా కొలిచాను. పెద్దది 15 అంగుళాలుంది, రెండోది కొంచెం తక్కువ. చేప పొడవు కంటే ట్యాంక్ వెడల్పే తక్కువ. వెనక్కి తిరగాలంటే అది మూతిని ఒక అద్దానికి ఆనించి, ఒళ్లంతా విల్లులా వంచి, తోకతో రెండో అద్దాన్ని తోసుకుంటూ తిరగాలి. రెండు మూడు సార్లు తోక ఆడించేలోపే అవతలి అద్దం వచ్చేస్తుంది. మళ్లీ తిరగాలి. రోజంతా అదే పని.

పొద్దున లేచి హాల్లో ట్యూబ్‌లైట్ వేస్తే రెండూ బెదిరిపోయేవి. అద్దానికి గుద్దుకునేవి, పైకి లేచి మూతకు తగిలి ధడేల్‌మనేవి. ఆ తర్వాత అడుగున పక్కకు ఒరిగి, చచ్చిపోయినట్టు కదలకుండా పడి ఉండేవి. బెదిరినప్పుడు ఈ జాతి అలాగే చేస్తుందని తర్వాత తెలిసింది. ఇవి గుంపుగా తిరిగే చేపలు, ప్రమాదం అనిపిస్తే దూరంగా దూసుకుపోవడమే వాటికి తెలుసు. ఇక్కడ ఎటు దూసుకుపోయినా అద్దమే. పెద్దదాని మూతి కొస మీద చర్మం లేచిపోయి, మానేలోపే మళ్లీ దెబ్బ తగిలి, అక్కడ తెల్లగా కాయ కట్టింది.

ఇంటికి వచ్చినవాళ్లు అందరూ ఒకే మాట అనేవారు. "మంచిగనే తింటున్నయి గద, ఇంకేం గావాలె?" దాని వెంటే ఇంకో మాట కూడా వచ్చేది: ట్యాంక్ ఎంతుంటే చేప అంతే పెరుగుతుందట. ఈ మాట మన ఊళ్లలో ఎంతగా నాటుకుపోయిందంటే షాపువాళ్లు కూడా భరోసాగా చెప్తారు. అది నిజం కాదు. చోటు చాలని ట్యాంకులో, సొంత మలినంతో పాడైన నీళ్లలో ఉన్న చేప ఎదుగుదల కుంటుపడుతుంది, కొన్నిటికి వెన్ను వంకర పోతుంది, ఆయుష్షు తగ్గుతుంది. చేప తన చోటుకు సర్దుకుపోయిందని మనం అనుకుంటాం. అది ఎదగలేకపోయింది, అంతే. తినడం కూడా బాగుందనడానికి గుర్తు కాదు. ఆకలైతే ఎక్కడున్నా తింటుంది.

చేపకు నొప్పి తెలుస్తుందా అని కూడా అడిగారు. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త బృందం ట్రౌట్ చేపల మీద చేసిన పని గురించి చదివాను. ఆ చేపల తలలో నొప్పిని పసిగట్టే నరాలున్నాయని వాళ్లు చూపించారు. పెదవికి ఆమ్లం ఎక్కించిన చేపలు చాలాసేపు మేత ముట్టలేదు, పెదవిని అడుగునున్న రాళ్లకు రుద్దుకున్నాయి. అది చదివాక ఆ కాయ కట్టిన మూతి వైపు చూడటం కష్టమైంది.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. అందులో జంతువు అంటే మనిషి తప్ప ఏ ప్రాణి అయినా అనే అర్థం. 11వ సెక్షన్‌లో, కదలడానికి సరిపడా ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో గానీ పాత్రలో గానీ జంతువును ఉంచడం నేరమని ఉంది. కోళ్ల గంపలు, పక్షుల పంజరాలు మనకు వెంటనే గుర్తొస్తాయి. అద్దాల తొట్టి కూడా ఆ పాత్రల్లోకే వస్తుంది కదా. బావ మీద కేసు పెట్టాలని కాదు నేను అనేది. ఒక ప్రాణికి తిరిగేంత చోటివ్వాలన్నది అరవై ఏళ్లకు ముందే మనం ఒప్పుకున్న మాట, అది చేపకు కూడా వర్తిస్తుంది.

చోటు దొరికేదాకా ఉన్న ట్యాంకులోనే వాటిని నెట్టుకురావాలి. నేను పనిచేసేది డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో, పరీక్షలు నాకు అలవాటే. అమ్మోనియా కిట్ తెప్పించి చూస్తే రంగు ఎక్కువవైపే చూపించింది. చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తుంది. ఫిల్టర్‌లో పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ ఫిల్టరేమో చిన్న చేపల కోసం కొన్నది, అర కిలో చేపలు రెండు పెట్టే భారం మోయలేదు. పైగా మా బోరు నీళ్ల పీహెచ్ ఎక్కువ. పీహెచ్, వేడి రెండూ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. నల్గొండ ఎండాకాలం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే మేత సగానికి తగ్గించాను. రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చాను. మిషన్ భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందుగా బకెట్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి పెట్టుకునేదాన్ని. ట్యాంకుకు మూడు వైపులా బ్రౌన్ షీట్ అంటించాను. ముందు హాల్లో చిన్న లైటు వేసి, కాసేపయ్యాక ట్యూబ్‌లైట్ వేయడం మొదలుపెట్టాం. ఈ చివరి రెండు పనులకు ఖర్చేమీ లేదు, గుద్దుకోవడం మాత్రం చాలా తగ్గింది. ఇంట్లో ఇలాంటి చేపలున్నవాళ్లు ఈ రోజే చేయొచ్చు.

ఇక చోటు వెతకడం. ముందు షాపుల్లో అడిగాను. "చిన్నయైతే తీసుకుంటం మేడం, గింత పెద్దయి ఎవరు కొంటరు?" అన్నారు. ఒకాయన ఆరడుగుల ట్యాంక్ తీసుకోమని సలహా ఇచ్చాడు. నాలుగడుగులు పెరిగే చేపకు ఆరడుగుల ట్యాంక్ పెడితే ఈ బాధనే ఇంకో ఏడాది ముందుకు జరిపినట్టు.

రెండో సలహా అందరి దగ్గరా సిద్ధంగా ఉంది: పానగల్ చెరువులో వదిలెయ్. మంచి మనసుతోనే చెప్తారు, నీళ్లలో బతికేది నీళ్లకు చేరుతుందని. నాకు టెన్షన్ పెట్టిందే ఈ సలహా, ఎందుకంటే ఇంట్లోవాళ్లకు కూడా అదే సులువుగా తోచింది. పానగల్ చెరువంటే ఉదయసముద్రం, కాలువలతో కలిసిన రిజర్వాయర్. అందులో పడింది అందులోనే ఉంటుందన్న నమ్మకం లేదు. ట్యాంక్ అద్దాలు శుభ్రం చేస్తుందని అమ్మే నల్లటి చేప, ఒంటి నిండా గట్టి ఎముక పలకలుండేది, ఇలాగే ఎవరెవరో వదిలేస్తే మన రెండు రాష్ట్రాల చెరువుల్లో, నదుల్లో పెరిగిపోయింది. దాన్నిప్పుడు దెయ్యం చేప అంటున్నారు. దాని ముళ్లకు వలలు చిరిగిపోతున్నాయని మత్స్యకారులు మొత్తుకుంటున్నారు. మన బాధ దింపుకోవడానికి ముదిరాజ్, గంగపుత్రుల పొట్ట మీద కొట్టడం ఏం న్యాయం? మత్స్యశాఖలో పనిచేసే తెలిసినాయన్ని అడిగితే ఆయనా అదే చెప్పాడు: ఏం చేసినా సరే, చెరువులో, కాలువలో మాత్రం వదలొద్దు.

మూడో సలహా కూర వండుకోమని. దీన్ని నేను కొట్టిపారేయలేదు. మా ఇంట్లో చేపలు తింటాం. పెంచి, త్వరగా చంపి తినడం కంటే, ఏళ్ల తరబడి తిరగలేని తొట్టిలో ఉంచడం తక్కువ క్రూరమని నేను అనలేను. కానీ ఈ చేపలు తినడానికి పనికిరావు. తెల్ల మచ్చల రోగం వచ్చినప్పుడల్లా బావ ట్యాంకులో మందు పోసేవాడు. అలాంటి మందుల్లో తరచుగా మలాకైట్ గ్రీన్ అనే రసాయన రంగు ఉంటుంది, తినే చేపలకు దాన్ని వాడకూడదు. ఎక్కడా చోటు దొరక్కపోతే ఏం చేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. లవంగనూనె ఎక్కువ మోతాదులో ఇస్తే చేప మత్తులోకి జారి అలాగే పోతుంది. ఆ పద్ధతి చదువుకున్నాను. దాన్ని చివరి దారిగా పెట్టుకున్నాను గానీ, తప్పుడు దారి అని మాత్రం ఇప్పటికీ అనుకోను.

దారి చూపించింది మా ల్యాబ్‌కు టెస్టులకు వచ్చిన ఒక రైతు. కనగల్ వైపు బత్తాయి తోట ఉందాయనకు. డ్రిప్ కోసం ఫాం పాండ్ తవ్వించి, అడుగున ప్లాస్టిక్ షీట్ పరిచి బోరు నీళ్లు నింపుకుంటాడు. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు. అందులో బొచ్చెలు, రవ్వలు ఇంటి మందం పెంచుకుంటున్నాడు. వెళ్లి చూశాను. చుట్టూ ఎత్తు కట్ట, నీళ్లు పొంగి బయటికి పోయే తూము లేదు, దగ్గర్లో వాగు లేదు, మోటారు పైపుకు జాలీ ఉంది. నాకు కావాల్సింది అదే. చేపలకు తిరిగే చోటు ఉండాలి, అవి బయటి నీళ్లలో కలవకూడదు. మందుల సంగతి, వీటిని తినొద్దన్న సంగతి దాచకుండా చెప్పాను. "మూతి మీద తెల్లమచ్చ ఉన్నయి మీయి, గుర్తువడ్తం తీ చెల్లె. పిలగాండ్లు మేత ఏస్తరు" అన్నాడు. వీటితో పాటు రోగాలు పోకూడదని, ఒంటి మీద మచ్చలు లేకుండా కొన్ని వారాలు గడిచేదాకా ఆగి తీసుకెళ్లాను.

తరలించడంలో చాలామంది ఇబ్బంది పడతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ముందు రెండు రోజులు మేత వేయలేదు. కడుపు ఖాళీగా ఉంటే దారిలో నీళ్లు పాడుకావు. మూత ఉన్న 200 లీటర్ల నీలం డ్రమ్ములో సగానికి తక్కువగా ట్యాంక్ నీళ్లే పోశాను. వల వాడలేదు. ఈ చేప పక్క రెక్కల ముందు ముల్లుకు రంపపు పళ్లుంటాయి, వలలో చిక్కుకుంటే రెక్క చీరుకుపోతుంది. లైట్లు ఆపి, ట్యాంక్‌లో నీళ్లు తగ్గించి, ప్లాస్టిక్ టబ్బును నీళ్లలోనే వంచి ఒక్కోదాన్ని అందులోకి నడిపించాం. తమ్ముడు తడి గోనెసంచి పైన కప్పి పట్టుకున్నాడు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు పెట్టి, చీకటితోనే ట్రాలీ ఆటోలో బయల్దేరాం. పాండ్ దగ్గర డ్రమ్ములోకి చెంబుతో కొద్దికొద్దిగా పాండ్ నీళ్లు కలుపుతూ గంట కూర్చున్నాం. రైతు భార్య ఈలోపు టీ తెచ్చింది. డ్రమ్ము వంచగానే రెండూ ఒకే దిక్కుకు పోయాయి.

మొదట్లో మేతకు రాలేదని ఫోన్ చేసి చెప్పారు. తర్వాత రవ్వలతో పాటే వస్తున్నాయన్నారు. ఇవి పైకొచ్చి గాలి మింగుతాయి కాబట్టి నీళ్ల మీద బుడగలు చూసి పిల్లలు గుర్తుపడుతున్నారట. చలికాలం మేత తగ్గిస్తాయని, కంగారు పడొద్దని చెప్పి పెట్టాను.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా తెలిసి నాకు ఫోన్లు వస్తున్నాయి. ఆస్కార్లు, నల్ల చేపలు, ఒకరింట్లో ఆరోవానా. దేవరకొండ నుంచి ఒకాయన నాలుగడుగుల ట్యాంకులో రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ ఉందన్నాడు. అది మీటరు దాటి పెరిగే అమెజాన్ చేప, నోట్లో పట్టే చేపనల్లా మింగేస్తుంది. దాన్ని బొచ్చెలున్న పాండ్‌లో వేయమని ఏ రైతునూ అడగలేను. కనగల్ రైతు కూడా ఇక కొత్తవి వద్దన్నాడు, ఆయన మాట సబబే. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు తూము లేని ఫాం పాండ్ గానీ, వాడుకలో లేని పెద్ద సిమెంటు ట్యాంక్ గానీ ఉండి, అందులో వేరే చేపలు లేకపోతే కామెంట్లో చెప్పండి. రవాణా, మేత ఖర్చు దేవరకొండ ఆయనే పెట్టుకుంటానంటున్నాడు.