తెలంగాణలో ఒక్కరోజు ప్రయాణాలు: వెలుతురును బట్టి రాసుకున్న జాబితా

హైదరాబాదు నుండి పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగలిగిన దూరంలో, తెలంగాణ సరిహద్దు లోపలే ఉన్న చారిత్రక స్థలాలను ఒక్కొక్కటిగా చూసి రావాలని మొదలుపెట్టిన పని ఇప్పుడు సగం దాటింది. ఆర్టీసీ బస్సు, వీలున్న చోట రైలు, చివరి కొద్దిపాటి దూరానికి ఆటో, ఇదే నా పద్ధతి. జాబితాను కిలోమీటర్ల వరుసలో కాక, ఏ స్థలాన్ని ఏ వేళ వెలుతురులో చూడాలి అన్నదాన్ని బట్టి రాసుకున్నాను. మన దగ్గరి కట్టడాల్లో చూడవలసినదంతా రాతి మీది చెక్కడంలో ఉంటుంది; నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆ చెక్కడం చదునుగా కనిపిస్తుంది, ఏటవాలు ఎండలో మాత్రం ప్రతి గీతకూ నీడ పడి బొమ్మ లేచి వస్తుంది. కాబట్టి రోజుకు ఒక ముఖ్య స్థలం, దానికి దగ్గరలో మరొక చిన్న స్థలం, అంతకు మించి పెట్టుకోవడం లేదు.

భువనగిరి, కొలనుపాక: పూర్తయినవి

భువనగిరి నగరానికి యాభై కిలోమీటర్ల లోపే ఉంది. ఉప్పల్ కూడలిలో వరంగల్లు వైపు వెళ్ళే బస్సులు దొరుకుతాయి గాని, బస్సు ఊరిలోకి వెళ్తుందో బైపాస్ మీదుగా సాగిపోతుందో ఎక్కేముందే కండక్టరును అడగాలి. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేరు మీద వెలసిన ఈ కోట అయిదు వందల అడుగులకు పైగా ఎత్తున్న ఒకే రాతి గుట్ట మీద ఉంది. దారి పొడవునా నీడ లేదు, రాయి వేడెక్కడం మొదలైతే త్వరగా చల్లబడదు. అందువల్ల మిగతా చోట్లకు భిన్నంగా ఇక్కడ చెక్కడాల కోసం కాక కాళ్ళ కోసం తొలి పొద్దును ఎంచుకోవాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, జారని అడుగున్న బూట్లు తప్పనిసరి. వాన పడిన మరునాడు నున్నటి బండ మీద నడవకపోవడమే మేలు. 2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ ఈ గుట్ట మీదనే జరిగిందన్న సంగతి పైకి చేరేసరికి బాగా అర్థమవుతుంది.

ఎండ ముదిరాక అక్కడి నుండి ఆలేరు, ఆలేరు నుండి ఆటోలో కొలనుపాక. ఇక్కడి జైన మందిరంలోని మహావీరుని జేడ్ రాతి విగ్రహం గుడి లోపల ఉంటుంది, కనుక బయటి ఎండతో పని లేదు. ఊరిలోని సోమేశ్వరాలయ ప్రాంగణంలో చుట్టుపక్కల దొరికిన శిల్పాలను, శాసనాలను ఉంచిన ప్రదర్శనశాల ఉంది. జైనం, వీరశైవం ఒకే ఊరిలో వదిలిన ఆనవాళ్ళను పక్కపక్కన చూడాలనుకునేవారికి మందిరం కన్నా ఇదే ఎక్కువ ఇస్తుందని నా అభిప్రాయం.

ప్రయాణం గురించి ఒక మాట. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం కింద రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపితే జీరో టికెట్ ఇస్తారు. సెలవు రోజుల్లో ఆ బస్సులు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి, వారం మధ్యలో వీలు చేసుకోగలిగితే ప్రయాణమే సగం తేలికవుతుంది.

పానగల్లు: పూర్తయినది

మధ్యాహ్నాన్ని ఎక్కడ గడపాలన్న చిక్కుకు నాకు దొరికిన చక్కని సమాధానం నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు. నల్లగొండ వరకు వంద కిలోమీటర్ల బస్సు, అక్కడి నుండి ఆటో. కందూరు చోళుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం త్రికూటాలయం, అంటే ఒకే మండపానికి మూడు వైపుల మూడు గర్భగుళ్ళు. వాటిలో శివలింగమున్న గర్భగుడి గోడ మీద స్తంభం వంటి ఒక నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు నేరుగా వేసే నీడ అయితే అతనితో పాటు జరగాలి. ఇది ఆలయపు తెరిచి ఉన్న వైపుల నుండి లోపలికి వచ్చి, చెదిరి, మండప స్తంభాల మధ్య నుండి గర్భగుడిలోకి ప్రసరించే వెలుతురు వల్ల ఏర్పడుతున్నది, కనుక ఎండ ఏ దిక్కున ఉన్నా దాని చోటు మారదు. ఇది తెలిసి వెళ్తే వింత తగ్గుతుందని కొందరు అంటారు గాని, స్తంభాల మధ్య నిలబడి మన శరీరంతో ఒక్కొక్క వైపు వెలుతురును అడ్డుకుంటూ గోడ మీద ఏమి మారుతున్నదో గమనించడం వింత కన్నా ఎంతో ఆసక్తికరంగా ఉంటుంది. అందుకు కనీసం ఒక గంట కేటాయించాలి, జనం లేని రోజును ఎంచుకోవాలి, పూజ జరుగుతున్నప్పుడు ఆగాలి.

కొద్ది దూరంలో ఉన్న పచ్చల సోమేశ్వరాలయానికి మాత్రం ముందుగా, ఉదయపు ఎండలోనే వెళ్ళాలి, ఎందుకంటే దాని అందమంతా బయటి గోడల మీది పురాణ ఘట్టాల చెక్కడంలో ఉంది. పక్కనే పురావస్తు ప్రదర్శనశాల కూడా ఉంది.

మెదక్: పూర్తయినది, మళ్ళీ వెళ్ళదలచినది

మెదక్ చర్చికి జూబ్లీ బస్టాండు నుండి నేరుగా బస్సులున్నాయి. క్రైస్తవ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో, కరువు కాలంలో పనికి ఆహారంగా సాగిన నిర్మాణం తరువాత 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఈ గోథిక్ చర్చి శిఖరం ఎత్తు 175 అడుగులు. దూరానికే కనిపించే శిఖరం కన్నా లోపలి రంగుటద్దాల కిటికీలు చూడదగినవి. గాజు ముక్కలను కూర్చి క్రీస్తు జననం, శిలువ, ఆరోహణ ఘట్టాలను చిత్రించిన ఆ మూడు కిటికీలు వేరు వేరు దిక్కులకు ఉండడం వల్ల ఒకే గంటలో మూడూ ఒకేలా వెలగవు. ఉదయం ఒకసారి చూసి, బయట తిరిగి, మూడు గంటల వేళ మళ్ళీ లోపలికి వెళ్తే తేడా తెలుస్తుంది. మబ్బు పట్టిన రోజున ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది. ఆదివారం ఉదయం ఆరాధన వేళల్లో సందర్శకులుగా తిరగడం మర్యాద కాదు. ఈ రెండు సందర్శనల మధ్య మెదక్ కోట ఎక్కడానికి తీరిక దొరుకుతుంది. మంజీర ఏడు పాయలుగా చీలే ఏడుపాయలకు వెళ్ళాలంటే మాత్రం మరో రోజు పెట్టుకోవాలి.

వరంగల్లు, రామప్ప

వరంగల్లుకు రైలు మేలు. కాజీపేటలో దిగి హనుమకొండలోని వేయిస్తంభాల గుడిని ఉదయమే చూడవచ్చు. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన ఈ గుడిలో, ఏళ్ళ తరబడి విప్పి ఉంచిన కల్యాణ మండపం 2024 మహాశివరాత్రికి తిరిగి తెరుచుకుంది. వరంగల్లు కోటను సాయంత్రానికి ఉంచుకోవాలి. నాలుగు దిక్కుల నిలిచిన కీర్తితోరణాల మధ్య, నేల మీద వరుసలుగా పేర్చిన విరిగిన స్తంభాలు, దూలాలు, జాలీలు పడమటి ఎండలోనే స్పష్టంగా చదవగలిగేలా ఉంటాయి.

రామప్ప దగ్గర నా పద్ధతికి గట్టి పరీక్ష ఎదురైంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఈ గుడి హైదరాబాదుకు రెండు వందల కిలోమీటర్ల పైన ఉంది. ఇసుక పునాది, నీటిలో తేలే ఇటుకల శిఖరం గురించి అందరూ చెబుతారు. అవి కంటికి కనిపించేవి కావు. కనిపించేవి ద్వారాల దగ్గర చూరుకు ఆనుకొని నిలిచిన నల్లరాతి మదనికలు, అంటే నాట్యభంగిమల్లోని స్త్రీల శిల్పాలు. ఎర్రటి ఇసుకరాతి గుడికి అద్దంలా నునుపు చేసిన ఆ నల్లరాతి బొమ్మలు చూరు నీడలో ఉండడం వల్ల మధ్యాహ్నం వాటి ముఖాలు పోల్చుకోలేము. ఎండ తక్కువ ఎత్తు నుండి చూరు కిందికి దూరే వేళకు బస్సులో చేరాలంటే, హనుమకొండలో మారి, ములుగు దాటి, చివర ఆటో పట్టుకోవాలి. ఎంత తొందరగా బయలుదేరినా తొలి ఎండ అందదు. తిరుగు బస్సు భయంతో మలి ఎండ వరకు ఉండడమూ కష్టమే. నలుగురు కలిసి కారు మాట్లాడుకొని తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరడం ఒక్కటే దారి. లేదా హనుమకొండలో ఒక రాత్రి ఉండడమే న్యాయం, కాని అప్పుడది ఈ జాబితాలోకి రాదు. ప్రస్తుతానికి దీని ఎదురుగా ‘చూశాను, సరిపోలేదు’ అని రాసి ఉంచాను.

మిగిలినవి

అలంపూర్ చలికాలానికి పెట్టుకున్నాను. కర్నూలు వైపు వెళ్ళే బస్సులో అలంపూర్ చౌరస్తాలో దిగి ఆటో ఎక్కాలి. ఒకవైపు ప్రయాణమే నాలుగు గంటలకు పైన పడుతుంది. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు పేరుకు బ్రహ్మవైనా శివుని గుళ్ళే, ఉత్తరాది రేఖానాగర పద్ధతి శిఖరాలతో ఉన్నవి. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లోని శాతవాహనుల కాలపు వస్తువుల ప్రదర్శనశాల శుక్రవారం మూసి ఉంటుంది. దారి చూసుకునేటప్పుడు జిల్లా పేరు చేర్చకపోతే ఫోన్ మ్యాపు నగరంలోని కొండాపూర్‌కు తీసుకుపోతుంది.

అన్నిటి కన్నా నేను ఎదురుచూస్తున్నది నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరాన ఉన్న ముడుమాల్ నిలువురాళ్ళ కోసం. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరిన ఈ బృహత్ శిలాయుగపు రాళ్ళ వరుసలు అయనాంతాల్లో (పగలు అతి పొడవుగా, అతి పొట్టిగా ఉండే రోజుల్లో), విషువత్తుల్లో (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో) సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిపోతాయని పరిశోధకులు గుర్తించారు. వెలుతురును బట్టి రాసుకున్న జాబితాలో తేదీతో సహా నిర్ణయమైపోయిన స్థలం ఇదొక్కటే. ఒక్కరోజు నియమంలో ఉదయం అందదు కనుక డిసెంబరు అయనాంతపు సూర్యాస్తమయానికి వెళ్ళాలన్నది ఇప్పటి ఆలోచన. చీకటి పడ్డాక దగ్గరి పట్టణం మక్తల్ వరకు రావడానికి అక్కడ దింపిన ఆటోనే ఆపి ఉంచుకోవాలి, అక్కడి నుండి రాత్రి ఏ వేళ వరకు హైదరాబాదు బస్సులు ఉంటాయో వెళ్ళే ముందు డిపోలో కనుక్కోవాలి.