మందు మానాక మిగిలిన పని

మొదటి వారం గురించే అందరూ అడుగుతారు. అందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఇంట్లో హఠాత్తుగా ఆపేయకూడదు. మొదటి నాలుగైదు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించి మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. నన్ను ఆస్పత్రిలో పెట్టి, బి1 విటమిన్ ఇంజక్షన్లు, వణుకు తగ్గే మాత్రలు ఇచ్చి గట్టెక్కించారు. తర్వాత ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం మీటింగులకు వెళ్లడం మొదలుపెట్టాను. ఒళ్లు తొందరగానే తేరుకుంది. ఇల్లు తేరుకోవడానికి ఏళ్లు పట్టింది.

నేను లోపలికి రాగానే మా ఆవిడ ముందు నా నడక చూసేది. తర్వాత ఏదో అడిగే వంకతో దగ్గరికొచ్చి, వాసన పట్టి, అడిగిన దానికి జవాబు వినకుండానే వెళ్లిపోయేది. మానేసి నెలలు గడిచినా అదే వరస. నాకు ఒళ్లు మండేది. మెచ్చుకుంటారని ఇంటికొస్తే సోదా చేస్తున్నట్టుండేది. స్పాన్సర్ దగ్గర, అంటే నాకంటే ముందు మానేసి నాకు తోడుగా నిలబడ్డ ఆయన దగ్గర, వాపోయాను. "ఎన్నేళ్లు తాగావు తమ్ముడూ? అందులో సగమైనా ఆవిడకి టైమివ్వు" అన్నాడు.

ఏఏ 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఒక స్టాక్‌బ్రోకరు, ఒక సర్జన్ కలుసుకోవడంతో మొదలైంది. ఇద్దరూ తాగుబోతులే. తాగుడు నుంచి బయటపడటానికి వాళ్లు చెప్పే పన్నెండు మెట్లలో నాకు బాగా పనికొచ్చింది తొమ్మిదోది. మన వల్ల నష్టపోయినవాళ్లకి నేరుగా ఆ నష్టం సరిదిద్దాలి, కానీ దానివల్ల వాళ్లకో ఇంకొకరికో కొత్త హాని జరిగేట్టయితే వద్దు. ఆ రెండో సగం చాలామంది పట్టించుకోరు. అన్నయ్య దగ్గర కూర్చుని పాత సంగతులన్నీ కక్కేద్దామని నేను తయారైతే స్పాన్సరే ఆపాడు. "బరువు దిగేది నీకు, ఎక్కేది ఆయనకి." సరేనని, అన్నయ్య దగ్గర తీసుకున్న డబ్బు మాత్రం నెలనెలా తిరిగి వేసేశాను. అన్నయ్య డబ్బు తీసుకున్నాడు, మాటలు మాత్రం ఇప్పటికీ పొడిపొడిగానే.

మా ఆవిడ ఆలనాన్‌కి వెళ్లడం మొదలుపెట్టింది. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో పెట్టిన సంఘం అది. నా తాగుడుకి తను కారణం కాదని, దాన్ని అదుపు చేయడం, నయం చేయడం తన చేతిలో లేదని అక్కడ తెలుసుకుంది. ఆ తర్వాత ఒక రాత్రి నేను ఆలస్యంగా వస్తే హాయిగా గురకపెట్టి నిద్రపోతోంది. ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. సంతోషించాల్సింది పోయి నాకు చిన్నతనం అనిపించింది. అన్నాళ్లూ ఆ ఎదురుచూపును ప్రేమ అనుకున్నాను మరి.

తెలివిలో ఉన్న మనిషితో కొత్త గొడవలుంటాయని ఎవరూ చెప్పరు. బిల్లులు, బ్యాంకు, పిల్ల చదువు అన్నీ తనే ఒంటిచేత్తో లాక్కొచ్చింది. నేను మానేసీ మానేయగానే ఇంటిపెద్దలా సలహాలు మొదలుపెట్టాను. ఒకరోజు లెక్కల పుస్తకం నా ముందు పడేసి "అయితే నువ్వే చూసుకో" అంది. రెండు పేజీలు తిప్పేసరికి నాకు దిమ్మ తిరిగింది. ఇప్పుడు కరెంటు బిల్లు, ఫోన్ బిల్లులు నావి, మిగతావి తనవి.

మా అమ్మాయి ఇంకా సూటిగా చెప్పింది. ఎవరితో వెళ్తున్నావు, ఎప్పుడొస్తావు అని నేను ఆరా తీస్తుంటే, "నాన్నా, తాగేటప్పుడే నయం, ఇన్ని ప్రశ్నలుండేవి కావు" అంది. మా ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. నాకు చురుక్కుమన్నా నేనూ నవ్వేశాను. ఒకప్పుడు ఆ విషయం మీద మా ఇంట్లో జోకు వేసే ధైర్యం ఎవరికీ లేదు.

పోట్లాటలు ఇప్పుడూ ఉన్నాయి. అప్పట్లో పొద్దున్నే "నాకేం గుర్తులేదు" అంటే సరిపోయేది. ఇప్పుడు ఏమన్నానో మాట మాటా గుర్తుంటోంది కాబట్టి కాఫీలోపే వెళ్లి సారీ చెప్పాల్సి వస్తోంది. ఏటీఎం పిన్ మాత్రం మా ఆవిడ ఇంకా చెప్పలేదు, నేనూ అడగలేదు.