పక్కటెముక పగిలాక మళ్లీ సింగిల్ స్కల్‌లోకి

నొప్పి మొదట భుజం పలక కింద పట్టేసినట్టు మొదలైంది. కండరమనుకుని పది రోజులు అలాగే నా సింగిల్ స్కల్‌లో (ఒక్కరే రెండు తెడ్లతో నడిపే పందెం పడవ) తెడ్లు వేశాను. అక్కడే తప్పు జరిగింది. తర్వాత అది చంక కిందికి దిగి, దగ్గినా, తుమ్మినా, మంచంలో పక్కకు తిరిగినా ఒకే చోట పొడిచేది. కండరం నొప్పి అరచేతి మందాన పరుచుకుంటుంది. ఎముక నొప్పిని వేలిమొనతో చూపించొచ్చు. అలా చూపించగలిగిన రోజే పడవ దిగిపోవాలి.

ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నని పగులు) మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేకి చాలాసార్లు దొరకదు. ఎంఆర్ఐలో ఆరో పక్కటెముక అని తేలింది. రోయర్లకు (పందెం పడవల్లో తెడ్లు వేసేవాళ్లకు) ఎక్కువగా 5 నుంచి 9 వరకు ఉన్న ఎముకల్లోనే ఇది వస్తుంది.

దీనికి దెబ్బ తగలక్కర్లేదు. క్యాచ్ దగ్గర, అంటే ప్రతి లాగుడు మొదట్లో, తెడ్డు నీటిని పట్టగానే కాళ్ల బలమంతా చేతుల మీదుగా ఛాతీ గూటికి చేరుతుంది. భుజం పలకను బిగించే సెరాటస్ కండరం, పొట్ట పక్క కండరాలు ఒకే ఎముకను చెరోవైపు లాగుతాయి. 20 కి.మీ. నెమ్మది సాధనలో ఇది పదిహేను వందల సార్లకు పైగా జరుగుతుంది. ఎముక పూడుకునే వేగం కన్నా అరిగే వేగం పెరిగితే పగులే. నా విషయంలో ఎర్గ్ (ఒడ్డున తెడ్డు సాధన చేసే యంత్రం) మీద దూరం ఒక్కసారిగా పెంచడం, డ్యాంపర్‌ను (ఆ యంత్రంలోకి వెళ్లే గాలిని మార్చే మీట) అన్నిటికన్నా పై అంకె 10 మీద ఉంచడం, రెండూ కలిశాయి. ఇప్పుడు డ్రాగ్ ఫ్యాక్టర్ (లాగుడుకు యంత్రం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె) 115 దాటనివ్వను.

మూడు వారాలు తెడ్డూ లేదు, ఎర్గూ లేదు. స్టేషనరీ సైకిల్ మాత్రం రోజుకు 45 నిమిషాలు తొక్కాను. విటమిన్ డి పరీక్ష చేయించాను, తిండి తగ్గించలేదు. ఒంటికి చాలినంత తినని రోయర్‌కు ఎముక త్వరగా అతకదు. నొప్పి మాత్రలు వేసుకుని సాధన చేయడం మాత్రం వద్దే వద్దు, అవి హెచ్చరికను నొక్కేస్తాయి.

నొక్కినా నొప్పి లేదు, గుండెల నిండా గాలి పీల్చినా లేదు, పుషప్ చేసినా లేదు అన్నాకే ఎర్గ్ ఎక్కాను. రోజు విడిచి రోజు, 10 నిమిషాలు, రేట్ 18 (నిమిషానికి 18 లాగుళ్లు). మర్నాడు పొద్దున నొప్పి లేకపోతేనే మరో 5 నిమిషాలు. ఆరో వారంలో నీటి మీదికి వెళ్లాను, సగం బలంతోనే. తెడ్లకు ఒక్కో క్లామ్ (తెడ్డు కాలర్ దగ్గర బిగించే చిన్న క్లిప్) తగిలించాను. దాంతో ఇన్‌బోర్డ్ (తెడ్డులో పడవ వైపు ఉండే భాగం) 1 సెం.మీ. పెరిగి లాగుడు తేలికవుతుంది. ఎదురుగాలి రోజున పడవ తీయలేదు. రేట్ 28 దాటించింది ఎనిమిదో వారంలో. స్టార్టులు (పందెం మొదట్లోలా ఒక్కసారిగా బలంగా లాగడం) అన్నిటికన్నా చివర.

ఎయిట్‌లో (ఎనిమిది మంది తెడ్లు వేసే పడవ) ఒకరు గాయపడితే మరొకరు కూర్చుంటారు. సింగిల్‌లో ఆ వెసులుబాటు లేదు. న్యూజిలాండ్ సింగిల్ స్కల్ రోయర్ మహే డ్రిస్‌డేల్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కడుపు జబ్బుతోనే ఫైనల్ ఆడి కాంస్యం తెచ్చుకున్నాడు. బంగారం 2012లో లండన్‌లో వచ్చింది. కడుపు జబ్బు రోజుల్లో పోతుంది. పక్కటెముకకు ఆ ఎనిమిది వారాలూ ఇవ్వాల్సిందే.