క్లోమం పనితీరు, ఎలాస్టేజ్ పరీక్ష: నా అనుభవం

నెయ్యి వేసుకుని పప్పన్నం తిన్న ప్రతిసారీ కడుపు ఉబ్బరం, ఆ తరువాత జిడ్డుగా, నీటిపై తేలుతూ, ఎన్ని నీళ్ళు పోసినా ఒక పట్టాన వదలని విరేచనం. తిన్నది ఒంటికి పట్టక నెలనెలా బరువు తగ్గిపోతుంటే, చెన్నై కోడంబాక్కంలో మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరుగారు రక్తపరీక్షలు రాశారు. క్లోమంలో (ప్యాంక్రియాస్) తయారయ్యే జీర్ణ ఎంజైములు అమైలేజ్, లైపేజ్ రెండూ మామూలుగానే ఉండడంతో దానికి జబ్బేమీ లేదని ఇంట్లో అందరం ఊరట చెందాము.

జీర్ణకోశ నిపుణురాలు మాత్రం అంతటితో వదల్లేదు. రక్తంలో ఆ ఎంజైములు బాగా పెరిగితే క్లోమానికి కొత్తగా వాపు వచ్చిందని అనుమానించవచ్చు గానీ, అది పేగులోకి చాలినంత జీర్ణరసం పంపుతోందో లేదో వాటివల్ల తేలదని, ఏళ్ళ తరబడి దెబ్బతిన్న క్లోమంలో ఎంజైములు తయారుచేసే కణాలే తగ్గిపోతాయి గనుక అంకెలు మామూలుగానే కనిపించవచ్చని ఆవిడ ఓపికగా వివరించి, మలంలో ఎలాస్టేజ్-1 పరీక్ష చేయించమన్నారు. క్లోమంలో తయారయ్యే ఈ ఎంజైము పేగుల గుండా వచ్చేటప్పుడు పెద్దగా చెడిపోదు. అందుకే మలంలో దాని మోతాదు క్లోమం పనితీరును పట్టి ఇస్తుంది. గ్రాము మలానికి 200 మైక్రోగ్రాములు దాటితే సాధారణమని, 100 లోపు ఉంటే లోపం తీవ్రమని లెక్క. ఆ మధ్యన ఉంటే లక్షణాలతో కలిపి చూడవలసిందే. రోజుకు 100 గ్రాముల కొవ్వు తింటూ 3 రోజుల మలమంతా పోగుచేసే పాత పరీక్షతో పోలిస్తే, ఒక చిన్న డబ్బాలో నమూనా ఇస్తే సరిపోయే ఈ పరీక్ష రోగికి ఎంతో మేలు.

నా మొదటి ఫలితం తక్కువగానే వచ్చింది. అయినా నమూనా నీళ్ళగా ఉందని ల్యాబ్ వారు రిపోర్టులో రాయడం చూసి డాక్టరుగారు దానిని లెక్కలోకి తీసుకోలేదు. నీళ్ళ విరేచనంలో ఎంజైము పలచబడి, క్లోమం బాగున్నవారికి కూడా అంకె తగ్గి కనిపిస్తుందట. విరేచనం కాస్త గట్టిపడ్డాక ఇచ్చిన రెండో నమూనాలోనూ అంకె 100 లోపే ఉంది. సీటీ స్కానులో క్లోమంలో సున్నపు రాళ్ళు కనిపించాయి.

నా క్లోమం చాలినంత ఎంజైము ఇవ్వడం లేదని తేలడంతో రాసిచ్చిన ఎంజైము క్యాప్సూళ్ళు పంది క్లోమం నుంచి తీస్తారని తెలిసి, పుట్టుశాకాహారినైన నేను తటపటాయించాను. "మందుకు మడేమిటి నాన్నా, ముందు నువ్వు కోలుకో" అని అమ్మ తేల్చేసింది. వాటిని పరగడుపున కాకుండా, మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో ఒకటి, నమలకుండా చల్లటి నీళ్ళతో వేసుకోవాలి. ఎంజైము అన్నంతో కలిసి పేగులోకి చేరితేనే పని చేస్తుంది. డి విటమిన్ కూడా తక్కువగా ఉండడంతో దానికీ మందు ఇచ్చారు, షుగరు పరీక్ష క్రమంగా చేయించుకోమన్నారు.

కొన్ని వారాలకే జిడ్డు విరేచనాలు తగ్గి, మెల్లగా బరువు పెరిగాను. ఎలాస్టేజ్ పరీక్ష మళ్ళీ చేయిద్దామా అని అడిగితే డాక్టరుగారు అవసరం లేదన్నారు: క్యాప్సూల్ అన్నాన్ని అరిగిస్తుందే గాని నా క్లోమం చేత ఎలాస్టేజ్ తయారు చేయించదు, కాబట్టి మందు గుణం బరువులోను, విరేచనంలోను, విటమిన్ల స్థాయిలోను చూడాలట.