న్యూయార్క్ కంటే లాస్ ఏంజెలెస్ ఇరుకా?

2020 జనగణన ప్రకారం చదరపు మైలుకు లాస్ ఏంజెలెస్ పట్టణ ప్రాంతంలో (నగరం, దాన్ని ఆనుకున్న శివార్లు కలిపి) దాదాపు 7,500 మంది, న్యూయార్క్‌లో 6,000 లోపే. లెక్క తప్పు కాదు, భాగహారమే అలాంటిది. మాన్‌హట్టన్‌లో 70 వేలు దాటినా, మనవాళ్లు గుంపుగా ఉండే ఎడిసన్ లాంటి న్యూజెర్సీ ఊళ్లు కూడా పెరళ్లు, లాన్లతో సహా అదే హారంలో పడతాయి. లాస్ ఏంజెలెస్‌లో శివార్లలోనూ స్థలాలు చిన్నవి.

సగటు మనిషి చుట్టూ ఎంత జనమో తెలియాలంటే, ఒక్కో సెన్సస్ ట్రాక్టు (సుమారు 4,000 మంది ఉండే ముక్క) సాంద్రతను దాని జనాభాతో హెచ్చవేసి, అన్నీ కూడి, మొత్తం జనాభాతో భాగించాలి. 2010 లెక్కలకు సెన్సస్ బ్యూరో అలా చేస్తే న్యూయార్క్ మహానగర ప్రాంతానికి చదరపు మైలుకు 31 వేలు, లాస్ ఏంజెలెస్‌కు 12 వేలు వచ్చాయి. కౌంటీ (మన జిల్లా లాంటిది) హద్దులతో మాత్రం సాంద్రత కట్టొద్దు. లాస్ ఏంజెలెస్ పక్కనున్న శాన్ బెర్నార్డినో కౌంటీలో చాలా భాగం మొహావీ ఎడారే మరి!