నాయిన నొప్పికి రెండు మందులు

మా నాయినకు నొప్పిని అంకెల్లో చెప్పడం రాలేదు. "సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే ఇక భరించలేనట్టు. మీకెంత ఉంది పెద్దాయనా?" అని సిస్టర్ అడిగితే, కాసేపు ఆలోచించి "బారాణా ఉందమ్మా" అన్నాడు. రూపాయిలో ముప్పావలా. సిస్టర్ మళ్లీ అడగలేదు. కార్డు మీద 7 వేసి, దాని పక్కనే 'బారాణా' అని కూడా రాసుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నొప్పి లెక్క అణాల్లోనే నడిచింది.

ఇది 2022 మార్చిలో, హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి నొప్పి నివారణ విభాగంలో. అక్కడికి చేరేలోపే మేం రెండు నెలలు పోగొట్టుకున్నాం.

నాయినది దవడ క్యాన్సర్. సూర్యాపేట దగ్గర మా ఊళ్లో నలభై ఏళ్లు హమాలీ పని చేశాడు, నలభై ఏళ్లూ బుగ్గన తంబాకు ఉండేది. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక ఏడాది బాగానే ఉన్నాడు. తర్వాత అదే చోట మళ్లీ వచ్చింది. ఈసారి కోయడానికి వీలు లేదన్నారు. అమ్మనూ నాయిననూ చైతన్యపురిలోని మా రెండు గదుల ఇంటికి తెచ్చుకున్నాను.

వైద్యం చేసిన ప్రైవేటు ఆస్పత్రిలో నొప్పికి ట్రమడాల్ రాశారు. పెంచుతూ పోతే రోజుకు 400 మిల్లీగ్రాములకు చేరింది. దానికి అదే హద్దని, అది దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని నాకు అప్పుడు తెలియదు. రాత్రి పన్నెండింటికి నాయిన మంచం మీద లేచి కూర్చుని, దవడను అరచేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగేవాడు. మూలుగు కూడా ఉండేది కాదు, మా పిల్లాడు లేస్తాడని. డాక్టర్‌ను అడిగితే "క్యాన్సర్ కదమ్మా, నొప్పి ఉంటుంది" అన్నాడు. ఆ మాటను నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. క్యాన్సర్ నొప్పికి మెట్టు మెట్టుగా మందు పెంచుకుంటూ వెళ్లే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మా నాయిన రెండో మెట్టు మీద నిలబడిపోయాడు, మూడో మెట్టు ఉందని మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ మూడో మెట్టు మీద ఉండే బలమైన నొప్పి మందు మార్ఫిన్. ఆ పేరు నాకు మా ఆఫీసులో ఒకావిడ చెప్పింది. వాళ్ల అత్తగారికి వాడారట. బతిమాలితే డాక్టర్ చీటీ రాసిచ్చాడు కానీ, దిల్‌సుఖ్‌నగర్‌లో, మలక్‌పేటలో, చివరికి కోఠిలో కూడా ఏ మందుల షాపులోనూ దొరకలేదు. కొందరు చీటీ చూసి నా మొహం వైపు అదోలా చూశారు. కోఠిలో ఒక పెద్దాయన మాత్రం చీటీ మడిచి నా చేతికిచ్చి, "ఇవి బయట దొరకవమ్మా, తిరగకండి. ఎంఎన్‌జేకి వెళ్లండి" అన్నాడు.

ఎందుకు దొరకదో తర్వాత తెలిసింది. మత్తుమందుల అక్రమ వాడకాన్ని ఆపాలని 1985లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని తెచ్చారు. దాని కింద లైసెన్సుల చిక్కులు ఎంత పెరిగాయంటే, ఆస్పత్రులూ షాపులూ మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించారు, ఆ సవరణ కింద మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి ఆరు మందులను అత్యావశ్యక మందులుగా వేరు చేశారు. గుర్తింపు పొందిన వైద్య సంస్థలు వాటిని ఉంచుకుని రోగులకు ఇవ్వవచ్చు. చట్టం మారినా భయం మాత్రం ఇంకా చాలాచోట్ల అలాగే ఉంది. ఆ భయం ఖరీదును మా నాయినలాంటి వాళ్లు రాత్రుళ్లు కూర్చుని చెల్లిస్తున్నారు.

లక్డీకాపూల్ మెట్రో దిగి ఆటోలో వెళ్లాం. పాత రిపోర్టులన్నీ తెచ్చాను కాబట్టి కార్డు త్వరగానే అయింది. అక్కడి డాక్టరమ్మ మొదట నొప్పి ఎంతని అడగలేదు, ఎట్లాంటిదని అడిగింది. "సలుపుతుందా? పోటా? మంటా? కరెంటు కొట్టినట్టు గుంజుతుందా?" నాయిన మొదటిసారి మనసిప్పి చెప్పాడు. లోపల ఎప్పుడూ సలుపు, చెవి దాకా అప్పుడప్పుడు కరెంటు గుంజుడు. సలుపుకు మార్ఫిన్, నరం నొప్పికి రాత్రిపూట ప్రీగాబాలిన్ రాసింది.

అమ్మ భయపడింది. "ఇది నల్లమందే గదా డాక్టరమ్మా? అలవాటైతే ఎట్ల?"

డాక్టరమ్మ అమ్మ పక్కకు జరిగి కూర్చుంది. "మీరు కూరలో గసగసాలు వేస్తారు కదమ్మా? ఆ మొక్క కాయను గీస్తే వచ్చే పాల నుంచే ఇది వస్తుంది. మత్తు కోసం తీసుకునేవాళ్ల సంగతి వేరు. ఈయన నొప్పి కోసం తీసుకుంటున్నాడు, మేం కొలిచి ఇస్తున్నాం. కొన్నాళ్లకు ఒంటికి డోసు పెంచాల్సి రావచ్చు, ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు తట్టుకోదు. అది వ్యసనం కాదు." అమ్మ పూర్తిగా నమ్మిందో లేదో కానీ, ఇంటికొచ్చాక ప్రతి బిళ్లా తానే చేతికిచ్చింది.

10 మిల్లీగ్రాముల బిళ్లలు, నాలుగు గంటలకోసారి. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. రాత్రి పదికి మాత్రం రెండు బిళ్లలు ఒకేసారి, అర్ధరాత్రి లేపే పని లేకుండా. మొత్తం 60. మధ్యలో నొప్పి లేస్తే రోజు మొత్తంలో ఆరో వంతు, అంటే ఇంకో 10, అదనంగా ఇచ్చి రాసి పెట్టమన్నారు. నొప్పి వచ్చినా రాకపోయినా టైముకు వేయాలన్నది మొదట్లో మా తమ్ముడికి ఎక్కలేదు. "నొప్పి లేనప్పుడు ఎందుకక్కా?" అనేవాడు. టైముకు వేస్తున్నాం కాబట్టే నొప్పి లేదని అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున నాయిన, "బిడ్డా, రాత్రి నిద్ర వట్టింది" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. మార్ఫిన్‌తో పాటు విరేచనానికి మందు రాస్తారు, దాన్ని నిర్లక్ష్యం చేయకండి. మొదటి వారం బాగానే ఉందని మేం మానేశాం. ఐదు రోజులు మలబద్ధకంతో ఆయన పడ్డ బాధ నొప్పికేం తీసిపోలేదు. వాంతి, మత్తు కొన్ని రోజుల్లో తగ్గుతాయి, మలబద్ధకం మాత్రం మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

మే నెలకు డోసు రోజుకు 90కి పెరిగింది. గొంతు మూసుకుపోతూ వచ్చింది, ముక్కులోంచి ట్యూబు వేశారు. ఈ మామూలు బిళ్లను పొడి చేసి నీళ్లలో కలిపి ట్యూబులో పోయవచ్చు. పన్నెండు గంటలు పనిచేసే రకాన్ని మాత్రం ఎప్పుడూ పొడి చేయకూడదు, పన్నెండు గంటల మందంతా ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది. కానీ పగలంతా నాలుగు గంటలకోసారి పొడి చేయడం, ట్యూబు మూసుకుపోవడం, మధ్యలో వాంతులు, ఇక కుదరలేదు. అప్పుడు డాక్టరమ్మ, చర్మం మీద అంటించే ఫెంటానిల్ ప్యాచ్ అంది.

ప్యాచ్ పెడితే మార్ఫిన్ పోతుందనుకున్నాను. పోలేదు. రెండూ ఉంటాయంది. నాకు టెన్షన్ పట్టుకుంది. ఒకదానికే ఇంత జాగ్రత్త చెప్పి, అంతకన్నా బలమైనదాన్ని దాని మీద ఎట్లా పెడతారు?

ఆమె కాగితం మీద గీసి చూపించింది. చర్మం మీద అంటించిన ప్యాచ్‌లోంచి మందు మెల్లగా దిగుతుంది, సరిగ్గా అందడానికి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలు పడుతుంది. మూడు రోజులు అలాగే నిలకడగా ఉంటుంది. అది రోజంతా ఉండే సలుపుకు. కానీ పుండుకు కట్టు మార్చేటప్పుడు లేచే పోటు పది నిమిషాల్లో ఆకాశానికి వెళ్తుంది, దానికి ప్యాచ్ ఏమీ చేయలేదు. ఆ పోటుకు మార్ఫిన్. "రెండు బలమైన మందులనూ రోజంతా పూర్తి డోసుల్లో కలిపి ఇస్తే ఎక్కువ మేలు అని గట్టిగా చెప్పేంత పరిశోధన లేదమ్మా. అందుకే ఒకదాన్ని పునాదిగా పెట్టి, రెండోదాన్ని అవసరానికి వాడతాం. కానీ రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి. మత్తు కలిసే పెరుగుతుంది" అంది. చివరి మాట కింద గీత గీసింది.

గంటకు 25 మైక్రోగ్రాములు దించే ప్యాచ్ దాదాపు రోజుకు 60 మిల్లీగ్రాముల నోటి మార్ఫిన్‌తో సమానం. నాయిన 90 తీసుకుంటున్నా, మందు మార్చేటప్పుడు కావాలనే తగ్గించి మొదలుపెట్టారు. ప్యాచ్ అంటించాక మొదటి పన్నెండు గంటలు పాత డోసులు ఆపవద్దన్నారు, ఆ తర్వాత టైము ప్రకారం వేసేవి ఆపి, అదనపు డోసు 10 మాత్రం ఉంచారు. వారం రోజులు రాస్తే రోజుకు నాలుగైదు సార్లు అదనం పడుతోంది. అప్పుడు పక్కనే 12 ప్యాచ్ ఇంకొకటి వేసి, అదనపు డోసును 15 చేశారు. ఆ లెక్క మాకు కుదిరింది. ప్రతి ఒంటికీ వేరుగా ఉంటుంది కాబట్టి, మా అంకెలు చూసి మీ ఇంట్లో దేన్నీ మార్చకండి.

ఆ వేసవిలో ఇంకో సంగతి నేర్చుకున్నాం. అమ్మకు నొప్పంటే కాపడం. వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి నాయిన వీపు మీద పెట్టబోయింది. ప్యాచ్ ఉన్నది అక్కడే. వేడి తగిలితే మందు ఒక్కసారిగా ఎక్కువ దిగుతుంది, జ్వరం వచ్చినా అంతే. అందుకే మంచాన్ని కూలర్ దగ్గరికి జరిపాం, ప్యాచ్‌ను ఛాతీ మీదికి మార్చాం, అంటించిన తేదీ, టైము దాని మీదే పెన్నుతో రాశాం. తీసేసిన ప్యాచ్‌లో కూడా మందు మిగిలే ఉంటుంది. అంటుకునే వైపు లోపలికి మడిచి, మా పిల్లాడికి అందకుండా బీరువా పైన డబ్బాలో వేసేవాళ్లం.

కట్టు మార్చడానికి అరగంట ముందు మార్ఫిన్. పుండు వాసనకు మెట్రోనిడజోల్ బిళ్లలు పొడి చేసి చల్లమన్నారు. వాసన తగ్గాక పక్కింటివాళ్లు మళ్లీ నాయినను పలకరించడానికి రావడం మొదలుపెట్టారు. అది చిన్న విషయం కాదు.

జులైలో ఒక రాత్రి ట్యూబు ఊడివచ్చింది. నొప్పి కూడా లేచింది, మందు పోసే దారి లేదు. ఒంటిగంటకు దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాం. ప్యాచ్ చూపించాను, మార్ఫిన్ సంగతి చెప్పాను. డ్యూటీ డాక్టర్ తలూపి ఒక నొప్పి ఇంజెక్షన్ చేయించాడు. కాసేపటికి నాయినకు చెమటలు, ఆవలింతలు, వణుకు, కడుపులో మెలిపెట్టడం. "రూపాయి దాటింది బిడ్డా" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ రూపాయి అనలేదు.

పొద్దున్నే ఇంజెక్షన్ సీసా ఫొటో డాక్టరమ్మకు పంపాను. పెంటాజోసిన్. అది కూడా ఈ జాతి మందే, కానీ మార్ఫిన్, ఫెంటానిల్ కూర్చున్న సీట్లలోంచి వాటిని లేపి తాను కూర్చుంటుంది. నొప్పి తిరగబడుతుంది, మందు ఒక్కసారి ఆపేసినట్టు ఒళ్లు అల్లాడుతుంది. కొన్ని గంటల్లో ఆ ప్రభావం తగ్గుతుందని, కంగారుపడి ఇంకో ప్యాచ్ అంటించవద్దని చెప్పింది. ట్యూబు వేయించుకుని వచ్చేసరికి మధ్యాహ్నమైంది, నాయిన సర్దుకున్నాడు. ఆ తర్వాతి సారి వెళ్లినప్పుడు కార్డు మీద ఎర్ర ఇంకుతో రాయించుకున్నాను: ప్యాచ్ ఎంత, అదనపు డోసు ఎంత, పెంటాజోసిన్ ఇవ్వకూడదు. ఇలాంటి కాగితం ఒకటి రోగి దిండు కింద ఉండాలని మీ అందరినీ వేడుకుంటున్నాను. ఏ రెండు మందులు కలపవచ్చో, ఏవి కలపకూడదో అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి తెలుస్తుందని అనుకోకండి.

రాత్రుళ్లు నేనూ తమ్ముడూ వంతులు వేసుకున్నాం. పిలిస్తే పలుకుతున్నాడా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, చేతులు ఉలికిపడుతున్నాయా, ఇవి చూసి రాసేవాళ్లం. మత్తు ఎక్కువగా కనిపిస్తే అదనపు డోసు ఇవ్వకుండా ముందు ఫోన్ చేయాలి. రెండుసార్లు అలా ఆపాం. ఆపిన రెండుసార్లూ నొప్పి లేదు, నిద్రే.

నాయిన అక్టోబరులో ఇంట్లోనే పోయాడు. పదో రోజు అయ్యాక మిగిలిన మందులు తీసుకుని రెడ్ హిల్స్ వెళ్లాను. నలభై ఆరు మార్ఫిన్ బిళ్లలు, వాడని ప్యాచ్‌లు మూడు, మడిచిన పాత ప్యాచ్‌ల డబ్బా. సిస్టర్ ఒక్కొక్కటీ లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాసి నా సంతకం తీసుకుంది. కార్డు కూడా ఇవ్వాలా అని అడిగాను. అక్కర్లేదు, ఉంచుకొమ్మంది.

మెట్రోలో దాన్ని తెరిచి చూశాను. చివరి వరుస నా రాతే, రాత్రి తొమ్మిది గంటలకు రాసింది. "చారాణా. పడుకున్నాడు."