ఎత్తు మీద రెండు సెకన్లు: హిల్ స్టార్ట్ అసిస్ట్‌తో నా అనుభవం

నేను కారు నేర్చుకున్నది 46వ ఏట. నెల్లూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెబుతాను. మా ఇల్లు రైలు పట్టాలకు ఒక పక్క, బడికి వెళ్లే దారి మరో పక్క ఉన్నాయి. చెన్నై, విజయవాడ మధ్య రైలు మార్గం నెల్లూరును రెండుగా చీలుస్తుంది కాబట్టి ఊళ్లో బండి నడిపేవాళ్లెవరికైనా రోజుకు రెండుసార్లు ఏదో ఒక అండర్ బ్రిడ్జిలో దిగి ఎక్కడం తప్పదు. నాకు రాసిపెట్టింది మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి.

పెన్నా డెల్టాలో పుట్టి పెరిగిన వాళ్లకు ఎత్తుపల్లాలతో పరిచయం తక్కువ. చుట్టూ వరి మళ్లు, నేల బల్లపరుపు. నాకు నేర్పిన డ్రైవింగ్ స్కూలు వాళ్లు కూడా చదునైన మైదానంలోనే తిప్పారు. ఎనిమిది అంకె వేయించారు, రివర్స్ నేర్పారు, లైసెన్సు వచ్చింది. ఎత్తు మీద ఆగిన బండిని ఎలా లేపాలో ఎవరూ చెప్పలేదు, అడగాలన్న ఆలోచన నాకూ రాలేదు. నిజానికి 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ నిబంధన, డ్రైవింగ్ పరీక్షలో అభ్యర్థి చేసి చూపవలసిన వాటిలో దీన్ని కూడా చేర్చింది: నిటారైన ఎత్తు మీద బండిని ఆపి, హ్యాండ్ బ్రేకును గానీ, యాక్సిలరేటర్‌నూ కాలి బ్రేకునూ గానీ సరిగా వాడుకుంటూ, వెనక్కి జారనివ్వకుండా మళ్లీ కదిలించాలి. ఈ వాక్యాన్ని నేను చదివింది లైసెన్సు చేతికొచ్చిన ఏడాది తర్వాత, అదీ ఒక ఆటో హెడ్‌లైటు పగలగొట్టాక.

అప్పట్లో మాది సెకండ్ హ్యాండులో కొన్న చిన్న పెట్రోల్ కారు. ఒక సాయంత్రం అండర్ బ్రిడ్జి నుంచి పైకి వచ్చే ఏటవాలులో బండ్లన్నీ ఆగిపోయాయి. ముందున్న లారీ కదిలింది. నేను బ్రేకు మీంచి కాలు తీసి యాక్సిలరేటర్ మీద వేసేలోపు కారు వెనక్కి జారింది. కంగారులో క్లచ్ ఒక్కసారిగా వదలడంతో ఇంజన్ ఆగిపోయింది, వెనకాల గాజు పగిలిన చప్పుడయింది. ఆటో అబ్బాయి దిగి వచ్చి, "ఏందక్కా, బండి ఎనక్కి వస్తా ఉంటే చూసుకోవద్దా?" అన్నాడు. అతని ఆటోలో ఇద్దరు బడిపిల్లలు కూర్చుని ఉన్నారు. హెడ్‌లైటుకు డబ్బు ఇచ్చాను, కానీ ఆ పిల్లల ముఖాలు చాలా రోజులు కళ్ల ముందు నుంచి పోలేదు. ఆ తర్వాత నాలుగు నెలల పాటు బడికి గంట ముందే బయలుదేరాను, ఆ వేళకు అండర్ బ్రిడ్జిలో బండ్లు ఆగవు కాబట్టి.

ఏటా పిల్లలకు వాలుతలం పాఠం చెబుతూ ఆ లెక్కను నా కారుకు ఒక్కసారి కూడా వేసి చూసుకోకపోవడం నన్ను బాధించింది. వేసి చూశాను. మనుషులతో కలిపి 1,000 కిలోల కారు 6 డిగ్రీల వాలులో నిలబడితే, దాన్ని వెనక్కి లాగే బలం సుమారు 104 కిలోల బరువుకు సమానం. బ్రేకు వదిలిన మొదటి సెకనులో అది దాదాపు అర మీటరు జారుతుంది. రెండు సెకన్లయితే రెండు మీటర్లు. చక్రాల రాపిడి దీన్ని కొంత తగ్గించినా, అప్పటికి కారు వేగం గంటకు 6, 7 కిలోమీటర్లకు చేరుతుంది. బ్రేకు నుంచి యాక్సిలరేటర్‌కు కాలు మారి, ఇంజన్ బలం చక్రాలకు అందడానికి నాలాంటి కొత్తవాళ్లకు ఒక సెకనుకు పైనే పడుతుంది. మా ఊళ్లో ఆటోలు ముందు బండికి వదిలే దూరం ఆ అర మీటరే.

మా వీధిలో ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు ఉన్నారు. శ్రీశైలం ఘాట్‌లో ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. ఆయన్ని నేను బాబాయ్ అంటాను. సంగతి చెబితే మూడు ఆదివారాలు తెల్లవారుజామున నన్ను కాలువ గట్టు దగ్గరికి తీసుకువెళ్లారు. పొలాల మధ్య నుంచి వచ్చే దారి గట్టెక్కే చోట పది పన్నెండు గజాల దూరం బాగా నిటారుగా ఉంటుంది. అక్కడ ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్‌ను మెల్లగా వదలమన్నారు. "క్లచ్ పట్టుకుంటే ఇంజన్ గొంతు మారతాదమ్మా. ముక్కు రవ్వంత పైకి లేస్తాది. అది తెలిసినాకనే హ్యాండ్ బ్రేకు దించు. తొందరపడబాకు." ఆ గొంతు మారడాన్ని చెవి పట్టుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. మూడో ఆదివారం పదిహేను సార్లు లేపితే ఒక్కసారి కూడా కారు వెనక్కి రాలేదు. నేను కారు నడపడం నేర్చుకున్నది ఆ రోజేనని ఇప్పటికీ అనుకుంటాను.

మరుసటి సంవత్సరం కొత్త కారు కొన్నాము. అదీ మాన్యువల్ గేర్లదే, కానీ అందులో ఎత్తు మీద ఆగిన బండిని లేపేటప్పుడు వెనక్కి జారకుండా సాయపడే హిల్ స్టార్ట్ అసిస్ట్ అనే ఏర్పాటు ఉంది. బండి అప్పజెప్పిన రోజు షోరూమ్ కుర్రాడు దాని గురించి చెప్పింది ఇంతే: "ఎత్తులో ఉన్నప్పుడు బ్రేకు మీంచి కాలు తీసేయండి మేడం, బండి యాడికీ పోదు, అదే పట్టుకుంటుంది." నమ్మాను. అండర్ బ్రిడ్జిలో మొదటి వారమంతా నిజంగానే పట్టుకుంది. హ్యాండ్ బ్రేకును తాకకుండానే హాయిగా లేచి వెళ్లిపోయేదాన్ని.

రెండో వారం అదే కాలువ గట్టు ఎక్కుతుండగా గేదెలు అడ్డం వచ్చాయి. ఆగాను, కాలు తీశాను. కారు కదలకుండా నిలబడింది. గేదెలు నిదానంగా దాటుతున్నాయి, నేనూ చూస్తూ కూర్చున్నాను. కింద ఎక్కడో టక్కుమని చిన్న చప్పుడు వినిపించింది, ఆ వెంటనే కారు వెనక్కి దొర్లడం మొదలైంది. బ్రేకు తొక్కి ఆపే సరికి వెనక చక్రం గట్టు అంచుకు బెత్తెడు దూరంలో ఉంది. దిగువన పంట కాలువ నిండుగా పారుతోంది. "యాడికీ పోదు" అన్న మాట ఎంత ప్రమాదకరమైనదో ఆ క్షణంలో అర్థమైంది. అబద్ధం చెప్పాలని ఆ కుర్రాడు చెప్పలేదు, అతనికీ ఎవరో అంతే చెప్పి ఉంటారు. కానీ ఒక యంత్రం ఎంతసేపు పట్టుకుంటుందో చెప్పకుండా, పట్టుకుంటుందని మాత్రమే చెప్పడం తప్పేనని నా అభిప్రాయం.

ఆ రాత్రి కారుతో వచ్చిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదివాను. తర్వాతి రోజుల్లో ఈ ఏర్పాటు గురించి దొరికినదంతా చదివాను. అందులో నాకు మొదట తెలిసిన సంగతి, దీనికంటూ విడిగా ఒక బ్రేకు లేదని. కారు అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ వ్యవస్థ ఉంది కదా, 1995లో మెర్సిడెస్ పెద్ద కార్లలో బాష్ కంపెనీతో కలిసి మొదలుపెట్టింది, దాని పరికరాలనే ఇదీ వాడుకుంటుంది. మనం బ్రేకు తొక్కినప్పుడు పెడల్ వెనక ఉన్న మాస్టర్ సిలిండర్ నుంచి బ్రేకు నూనె ఒత్తిడితో గొట్టాల గుండా చక్రాల దగ్గరికి చేరుతుంది. దారి మధ్యలో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఈఎస్‌సీలకు చెందిన కవాటాల పెట్టె ఉంటుంది. కారులోని యాక్సిలరోమీటర్ బండి ముందువెనకల వాలును కొలుస్తూ ఉంటుంది. చక్రాల సెన్సర్లు బండి ఆగిందని చెబుతాయి. ఏ గేరులో ఉన్నామో, క్లచ్ తొక్కి ఉందో లేదో కూడా కంప్యూటరుకు తెలుస్తుంది. ఇవన్నీ కుదిరితే, మనం కాలు తీసిన వెంటనే ఆ కవాటాలు మూసుకుని, చక్రాల దగ్గరి నూనె ఒత్తిడిని అక్కడే బంధిస్తాయి. పెడల్ పైకి వచ్చేస్తుంది కానీ బ్రేకు పట్టు సడలదు. ఈ లోపల మనం క్లచ్ వదిలి యాక్సిలరేటర్ తొక్కితే, వెనక్కి లాగే బలానికి ఇంజన్ బలం సరిపోయిందని లెక్క తేలగానే కవాటాలు తెరుచుకుంటాయి. మనం ఏమీ చేయకపోయినా, మా కారులో సుమారు రెండు సెకన్లకు అవి తెరుచుకుంటాయి. గట్టు మీద నేను విన్న టక్కు అదే.

రెండు సెకన్లే ఎందుకన్న ప్రశ్నకు జవాబు వెతికితే, దీని తయారీలోని వివేకం కనిపించింది. ఇది బండిని నిలిపి ఉంచడానికి చేసినది కాదు, కాలు ఒక పెడల్ నుంచి ఇంకో పెడల్‌కు మారేంత సేపు సాయం చేయడానికి చేసినది. ఎక్కువసేపు పట్టుకుంటే డ్రైవరు బండి ఆగి ఉందనుకుని కిందికి దిగిపోయే ప్రమాదం ఉంది. ఎంతసేపైనా పట్టుకునే ఆటో హోల్డ్ వేరే ఏర్పాటు. చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా అనుకుంటారు.

ఈ ఆలోచన ఈఎస్‌సీ కంటే చాలా పాతది. అమెరికాలో స్టూడిబేకర్ కంపెనీ 1936లోనే తన ప్రెసిడెంట్ కారులో హిల్ హోల్డర్ పేరుతో ఇలాంటిది ఇచ్చింది. అందులో కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. వాలులో దొర్లే ఒక చిన్న గోళీ బ్రేకు నూనె దారికి అడ్డం పడుతుంది. క్లచ్ తొక్కి ఉన్నంతసేపు ఆ ఒత్తిడి నిలిచి ఉంటుంది, క్లచ్ వదిలితే విడిపోతుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ గోళీ సంగతి చెప్పినప్పుడు, "మరి దిగుడులో గోళీ ఎటు పోతుంది టీచర్?" అని ఒక అమ్మాయి అడిగింది. అది అవతలి పక్కకు దొర్లిపోతుంది, దారి తెరుచుకునే ఉంటుంది.

చదివినదాన్ని సరిచూసుకోవడానికి మళ్లీ గట్టు దగ్గరికే వెళ్లాను. ఈసారి బాబాయ్ కారు వెనక పక్కగా నిలబడ్డారు, చేతిలో చక్రం కింద పెట్టడానికి రెండు ఇటుకలు. నేను ఫోనులో కోణం చూపే యాప్ పెట్టుకుని, డోరు దగ్గరి గడప మీద ఫోను ఆనించి వాలు కొలిచాను. గట్టు ఎక్కే చోట 7 డిగ్రీలు చూపింది. అక్కడ ప్రతిసారీ పట్టుకుంది, ఎంత లెక్కపెట్టినా రెండు సెకన్లకు మించలేదు. పొలాల దారి మొదట్లో వాలు ఒక డిగ్రీ. అక్కడ అసలు పట్టుకోలేదు, ఎందుకంటే కొంత వాలు దాటితేనే అది పనిలోకి వస్తుంది. మనకు ఎత్తుగా తోచనిచోట కూడా బండి మెల్లగా జారుతుందన్నది అందరూ గుర్తుంచుకోవలసిన విషయం. న్యూట్రల్‌లో పట్టుకోలేదు. హ్యాండ్ బ్రేకు వేసి ఉంటే పట్టుకోలేదు. బండి ముక్కును పల్లం వైపు ఉంచి రివర్స్ గేరు వేస్తే మాత్రం అటువైపూ పట్టుకుంది, అది నాకు సంతోషం కలిగించింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది ఇంకొకటి. బ్రేకును వేలితో తాకినట్టు తొక్కి వదిలితే 7 డిగ్రీల మీద కారు కొంచెం జారింది. గట్టిగా తొక్కి వదిలితే రాయిలా నిలిచింది. కవాటాలు బంధించేది మన కాలు ఇచ్చిన ఒత్తిడినే. మా కారులో అది తనంతట తాను ఒత్తిడి పెంచదు. ఇవ్వనిదాన్ని ఎలా దాచిపెడుతుంది? అప్పటి నుంచి ఎత్తులో ఆగినప్పుడల్లా, ముందున్న బండి కదిలే ముందు పెడల్‌ను ఇంకొంచెం అదమడం అలవాటు చేసుకున్నాను.

అదే పరీక్షలో వాన కురిసిన మర్నాడు గట్టు మీది బంకమట్టిలో ఇంకో నిజం తెలిసింది. బ్రేకు చక్రాలను పట్టుకుంది, కానీ పట్టుకున్న చక్రాలతోనే కారు మొత్తం బెత్తెడు కిందికి జారింది. టైరుకూ నేలకూ మధ్య పట్టు లేనప్పుడు ఏ కవాటమూ ఏమీ చేయలేదు. బాబాయ్ ఇటుకలు పెట్టి, "ఈ మట్టిలో ఇంక వద్దమ్మా" అని ఆపేయించారు.

కార్తీక మాసంలో మా అత్తగారిని నరసింహకొండకు తీసుకువెళ్లాను. కొండ మీదికి ఘాట్ రోడ్డు ఉంది, పైనుంచి పెన్నా కనిపిస్తుంది. పండుగ రోజుల్లో పైకి వెళ్లే బండ్లు మలుపుల దగ్గర బారులు తీరతాయి. ఒక మలుపులో ఏడెనిమిది సార్లు ఆగి కదలవలసి వచ్చింది. బండ్లు వెంటవెంటనే కదులుతున్నప్పుడు హిల్ అసిస్ట్‌తో లేచాను, ఎక్కువసేపు ఆగుతామని తోచినప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి న్యూట్రల్‌లో ఉంచాను. ఏది ఎప్పుడన్నది ఆలోచించకుండానే చేయి వెళ్లిపోతోంది. మా అత్తగారికి ఈ గొడవేమీ తెలియదు. వెనక సీట్లో కొబ్బరికాయల సంచి ఒళ్లో పెట్టుకుని గోవింద నామాలు చెప్పుకుంటూ కూర్చున్నారు.

డిసెంబరు మొదట్లో తుఫాను వానలు తగ్గిన వారం, ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే స్టీరింగ్ ముందు ఈఎస్‌సీ, ఏబీఎస్ దీపాలు రెండూ వెలిగాయి. ఆ దీపాలు వెలిగి ఉంటే హిల్ స్టార్ట్ అసిస్ట్ కూడా పనిచేయదని పుస్తకంలో చదివి ఉన్నాను. మామూలు బ్రేకులు పనిచేస్తున్నాయి కాబట్టి నిదానంగా నడుపుతూ వచ్చాను. అండర్ బ్రిడ్జి ఏటవాలులో బండ్లు ఆగాయి. వెనకద్దంలో ఒక ఆటో కనిపించింది, అదే అర మీటరు దూరంలో. హ్యాండ్ బ్రేకు లాగాను. ఫస్ట్ గేరు వేసి క్లచ్ మెల్లగా వదిలాను. ఇంజన్ గొంతు మారింది, ముక్కు రవ్వంత లేచింది, హ్యాండ్ బ్రేకు దించాను. పైకి వచ్చేలోపు ఇంకోసారి ఆగి, ఇంకోసారి అలాగే లేచాను.

మర్నాడు మెకానిక్ ముందు చక్రం విప్పి చూస్తే, సెన్సర్ మీద ఎండిన బంకమట్టి గట్టిగా అతుక్కుని ఉంది. కడిగి, వైరు సరిచేసి బిగించాడు. కొంత దూరం నడిపాక దీపాలు రెండూ ఆరిపోయాయి.